ఒడి అబద్ధం చెప్పదు

వైండింగ్ మేస్త్రికి మీటరు మీద నమ్మకం లేదు. మోటారులో తేడా పట్టేది షాపులో ఒకటుంది గానీ, పెళ్లి ఫోటోలో చివర నిలబడ్డ దూరపు చుట్టంలా గోడకి వేలాడుతూ దుమ్ము కొట్టుకుపోయింది. ఆయన నమ్మేది తన ఒడిని. ఫ్యాను మోటారు గానీ, మిక్సీ గానీ, నీళ్ల పంపు గానీ, ఏది తెచ్చినా బల్ల మీద పెట్టడు. పొట్టి స్టూలు మీద కూర్చుని, తొడల మీద గోనెపట్టా పరుచుకుని, పసిపిల్లాణ్ణి పడుకోబెట్టుకున్నట్టు మోటారుని ఒళ్లో పెట్టుకుంటాడు. తెచ్చినవాణ్ణే స్విచ్చి వేయమంటాడు. కళ్లు మూసుకుంటాడు. ఆ కాసేపు తెచ్చినవాడు కూడా ఊపిరి బిగబట్టి చూస్తాడు, తన జాతకం ఎవరో చదువుతున్నట్టు.

"బేరింగు పోయింది."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు మేస్త్రీ?"

"చెవికి మొహమాటం ఉంటుంది. కంటికి చత్వారం వస్తుంది. ఒడి అబద్ధం చెప్పదు."

ఈ మాట వినీ వినీ పక్క షాపు సెలూనాయనకి విసుగు పుట్టింది. "చెప్పదు చెప్పదు అంటూనే ఉంటావు, ఏదో ఒకరోజు చెప్తుంది చూడు," అనేవాడు గడ్డాలకి నురగ పూస్తూ. ఊరికే అన్నాడు. అదే జరుగుతుందని ఆయనకి మాత్రం ఏం తెలుసు!

ముందు చెడింది ఒడి కాదు, గుండె. మేస్త్రి ఒకరోజు కాపర్ తీగ చుడుతూ చుడుతూ ఆగిపోయి, ఛాతీ మీద చెయ్యేసుకుని, "లోపల మిస్సింగ్ కొడుతోంది," అన్నాడు. ఆయనకి డాక్టర్ల భాష రాదు. మిస్సింగంటే మిస్సింగే. నాలుగు దెబ్బలు గబగబా, ఒకటి ఎగ్గొట్టి, మళ్లీ రెండు, తర్వాత చెరువులో చేపలు కొట్టుకున్నట్టు గిలగిల. మెట్లెక్కితే కళ్లు తిరగడం. మందులు వాడారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది, అల్లుడి అలకలాగా. చివరికి గుండె డాక్టరమ్మ అందర్నీ కూర్చోబెట్టింది. మేస్త్రినీ, ఆయన భార్యనీ, కారు తోలుకొచ్చిన పాపానికి అల్లుణ్ణీ.

"గుండెలో కొన్నిచోట్ల అనవసరంగా కరెంటు పుడుతోంది. గజ్జ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగలాంటి గొట్టాన్ని గుండె దాకా పంపి, ఆ కరెంటు బయటికి రాకుండా ఆ చోట్లు కాల్చేస్తాం."

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. "అంటే డాక్టరమ్మా, కాలిపోతే మేం బాగుచేస్తాం. బాగుచెయ్యడానికి మీరు కాలుస్తారన్నమాట!"

డాక్టరమ్మ నవ్వింది గానీ, భార్య నవ్వలేదు. ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ష్" అనడం ఆవిడ ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం దిగదు. "మీరు కాసేపు నోరు మూసుకోండి. చెప్పండమ్మా, తేడా వస్తే ఏమవుతుంది?"

డాక్టరమ్మ దాచలేదు. ఇవన్నీ అరుదు అంటూనే చెప్పుకొచ్చింది. గుండె చుట్టూ రక్తం చేరొచ్చు. మూతి వంకరపోవచ్చు, మాట తడబడొచ్చు. ఊపిరికి సాయపడే నరం సొమ్మసిల్లి ఆయాసం రావొచ్చు. గుండె వెనకే అన్నం దిగే గొట్టం ఉంటుంది. దానికి వేడి తగిలితే వారాల తర్వాత కూడా జ్వరం రావొచ్చు, మింగుడు పడకపోవచ్చు. అలా అయితే ఒక్క క్షణం ఆగకుండా పరిగెత్తుకు రావాలి. "ఇక చివరిది. గజ్జ దగ్గర గుచ్చుతాం కదా, అక్కడ వాపు గానీ, నొప్పి గానీ, చెయ్యి పెడితే అదురు గానీ ఉంటే..."

సరిగ్గా ఇక్కడే ఆ కుటుంబం చెవులు మూతపడ్డాయి. అల్లుడు పైకప్పు వైపు చూశాడు. భార్య చేతిసంచీ జిప్పు తీసి, వేసి, మళ్లీ తీసింది. మేస్త్రి తన చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు. గుండె గురించైతే ఎంతసేపైనా మాట్లాడతారు. దానికి గౌరవం ఉంది. గజ్జకేముంది? అత్తగారి ముందు అల్లుడూ, అల్లుడి ముందు మామగారూ గజ్జ గురించి చర్చించే ఇల్లు కాదది. డాక్టరమ్మ చివరి మాట గాలికి పోయింది.

"ఇవన్నీ ఎందరికొస్తాయమ్మా?" అన్నాడు మేస్త్రి.

"వందల్లో, ఒక్కోటి వేలల్లో ఒకరికి."

"అయితే భయం లేదు. ఇన్నేళ్లలో నాకు లక్కీ డ్రాలో ప్లాస్టిక్ మగ్గు కూడా తగల్లేదు."

చేశారు. బాగానే జరిగింది. మిస్సింగ్ పోయింది. గుండె గోడగడియారంలా నడుస్తోంది. డిశ్చార్జి అయిన రోజు కార్లోనే భార్య తీర్పు చెప్పింది. "వినండి. ఇది ఆఖరు. మీ ఒంట్లో ఇంకొక్క తేడా వచ్చిందో, ఆ షాపు షట్టరు దించేయడమే. తాళంచెవి నా దగ్గరుంటుంది. మీరింట్లో కూర్చుని కిటికీలోంచి కాకుల్ని లెక్కపెట్టుకోండి."

"అత్తయ్యగారు చెప్పింది న్యాయం, మామయ్యా," అన్నాడు అల్లుడు, స్టీరింగ్ మీదనుంచి కళ్లు తీయకుండా.

మేస్త్రి ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? షాపు లేకపోతే ఆయనేమిటి? ఇంట్లో అదనపు కుర్చీ, అంతే.

ఆ రోజు నుంచి ఇంట్లో కాపలా మొదలైంది. భార్య పొద్దున లేస్తూనే చంకలో థర్మామీటరు. తింటుంటే ప్రతి ముద్దకీ, "మింగుడు పడిందా?"

"పడింది."

"ఈ ముద్ద?"

"అదీ పడింది. నువ్వలా నా గొంతు వైపే చూస్తుంటే పడేది కూడా పడదు."

అల్లుడు ఆఫీసు నుంచి వీడియో కాల్ చేసేవాడు. "మామయ్యా, ఒకసారి నవ్వండి. మూతి తిన్నగా ఉందో లేదో చూస్తాను." మేస్త్రి నవ్వేవాడు. "కొంచెం ఎడమకి లాగుతున్నట్టుంది." "అది పుట్టుకతో వచ్చింది బాబూ, మీ ఆవిడకీ అదే నవ్వు." జ్వరానికి కాపలా, మూతికి కాపలా, ఊపిరికి కాపలా, అన్నం గొట్టానికి కాపలా. దొంగ మాత్రం ఎవరూ కాపలా కాయని దొడ్డిదారిన వచ్చాడు.

మేస్త్రి స్నానం చేస్తుండగా తెలిసింది. కుడి గజ్జలో సబ్బు రాస్తుంటే అరచేతికింద ఏదో అదురుతోంది. చెయ్యి తీశాడు. మళ్లీ పెట్టాడు. గుంయ్... గుంయ్... గుంయ్. పిల్లిని నిమిరితే లోపలెక్కడో గురగురమన్నట్టు. నొప్పి లేదు, వాపు లేదు. ఇంకొకడైతే హడలి చచ్చేవాడు. మేస్త్రి నవ్వుకున్నాడు. ఆయన జీవితమంతా ఈ మోతతోనే గడిచింది. కొత్తగా వైండింగు చేసిన మోటారు మొదట్లో కాస్త మోగుతుంది, నడిచీ నడిచీ సర్దుకుంటుంది. లోపల కొత్త పని చేశారు, ఇది దాని మోతే అనుకున్నాడు. పైగా నడుస్తున్న మోటారుని విప్పకూడదు. ఆయన షాపులో అది వేదవాక్కు.

వేదవాక్కు ఒకటే కాదు, దాని వెనక భయం కూడా ఉంది. చెప్తే ఇదొక తేడా అవుతుంది. తేడా అయితే షట్టరు దిగుతుంది. తేలు కుట్టిన దొంగలా పెదవి బిగించాడు.

కానీ పనివాడు కదా, చెయ్యి ఊరుకోదు. మర్నాడు స్నానానికి వెళ్తూ పంపుల పనికి వాడే చేతికర్రంత స్క్రూడ్రైవరు తువ్వాల్లో చుట్టుకుని పట్టుకెళ్లాడు. మెకానిక్కులకి అదే చెవిగొట్టం. మొన మోటారు మీద ఆనించి, పిడి చెవికి ఆనిస్తే లోపలి బేరింగు కబుర్లన్నీ వినిపిస్తాయి. మొనకి తువ్వాలు చుట్టి గజ్జలో ఆనించి, నడుం వంచి, మెడ తిప్పి, కొంగలా ముడుచుకుని పిడిని చెవి దాకా తెచ్చాడు. వినిపించింది! ఆగకుండా గుంయ్ మంటూ, గుండె కొట్టుకున్నప్పుడల్లా కాస్త పెద్దదవుతూ. "ఆహా," అన్నాడు.

తలుపు బయట భార్య. "ఏమిటా ఆహాలు? ఇందాక తువ్వాల్లోంచి పిడి కనిపించింది. స్నానానికి స్క్రూడ్రైవరెందుకండీ?"

"కుళాయి వదులైంది."

"అయితే బిగించండి."

కుళాయికేం కాలేదు, శుభ్రంగా ఉంది. కానీ అన్నాక చెయ్యాలి కదా. విప్పాడు. బిగించాడు. ఆ రోజు నుంచి నిజంగానే కారడం మొదలైంది. ఆ ఇంట్లో ఒక అబద్ధం చుక్కచుక్కగా బకెట్లో పడుతూనే ఉంది.

కొన్నాళ్లకి డాక్టరమ్మ షాపు తెరవడానికి ఒప్పుకుంది. బరువులు ఎత్తొద్దంది. "ఎత్తను, ఒళ్లో పెట్టుకుంటానంతే," అన్నాడు. ఇంకేమైనా ఇబ్బంది ఉందా అనడిగితే, పక్కన భార్య ఉంది కాబట్టి, "నిక్షేపంగా ఉన్నాను," అన్నాడు. తాళంచెవి చేతికొచ్చింది.

అక్కణ్ణుంచి అసలు తమాషా. షాపుకి ఏ మోటారు వచ్చినా బేరింగు పోయినట్టే తేలుతోంది. టైలరమ్మ కుట్టుమిషను మోటారు, పిండిమిల్లు మోటారు, స్కూలువాళ్ల ఫ్యాన్లు, అన్నీ ఒళ్లోకి రావడం, గుంయ్ మనడం, మేస్త్రి కళ్లు తెరిచి పెదవి విరవడం. "బేరింగు." పాతది పీకి మూలనున్న డబ్బాలో పడేసేవాడు, దానివైపు చూసేవాడు కూడా కాదు. కొత్తది వేసి మళ్లీ ఒళ్లో పెట్టుకుంటే మళ్లీ గుంయ్. "ఛీ, ఈ కొత్త సరుకు కూడా దరిద్రంగా ఉంది. ఈ రోజుల్లో ఇనుములోనే నిజాయితీ లేదు," అని సామాన్ల షాపువాడితో దెబ్బలాడాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం. కాకపోతే ఈయనకి ఆడలేకపోతున్నానన్న సంగతే తెలీదు.

సెలూనాయన ఫ్యాను మోటారు మూడోసారి వచ్చింది. ఈసారి ఆయనే భుజానేసుకుని తెచ్చి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు చేసేదేదో నా కళ్లముందు చెయ్యి మేస్త్రీ. నేను మొదట తెచ్చింది తిరగడం లేదని. నువ్వు మార్చింది మోగుతోందని. ఇప్పటికీ తిరగడం లేదు. నా కస్టమర్లు చెమటకి కత్తెర జారి చెవులు పోతాయేమోనని భయపడుతున్నారు."

"తిరగకపోవడం చిన్న జబ్బు. మోగడం పెద్ద జబ్బు. ముందు పెద్దది చూడాలి," అన్నాడు మేస్త్రి. గోనెపట్టా పరిచాడు. మోటారు ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. "ఊఁ, వెయ్యి స్విచ్చి."

సెలూనాయన కదల్లేదు.

"విన్నావా? గుంయ్ మంటోంది. రెండుసార్లు మార్చినా ఇదే మోత. నీ సెలూన్లో కరెంటే మంచిది కాదు."

"మేస్త్రీ."

"ఉండు, పెరుగుతోంది."

"మేస్త్రీ, ఒకసారి కళ్లు తెరువు."

తెరిచాడు. ప్లగ్గు సెలూనాయన చేతిలో ఉంది. వైరు చివర, రెండు ఇత్తడి కాళ్లు పైకెత్తి, చచ్చిన బొద్దింకలా.

మేస్త్రి మోటారుని ఎత్తి బల్ల మీద పెట్టి అరచెయ్యి ఆనించాడు. చల్లగా, మౌనంగా ఉంది. మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. గుంయ్. సెలూనాయన కూడా వంగి మోటారు మీద చెయ్యేసి, నిప్పు తగిలినట్టు లాక్కున్నాడు.

"మోత మోటారుది కాదు గురూ. సీటుది!"

మేస్త్రి మూల డబ్బా ముందుకు లాగాడు. పీకేసిన పాత బేరింగుల్లో ఒకటి తీసి వేలికి తగిలించి తిప్పాడు. వెన్నలా తిరిగింది. ఇంకోటి. అదీ అంతే. డబ్బాలో ఉన్నవాటిలో చెడినదంటూ ఒక్కటీ లేదు. పిండిమిల్లుదీ, టైలరమ్మదీ, స్కూలుదీ, అన్నీ నిర్దోషులే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని వరసబెట్టి ఉరితీసిన జడ్జిలా కూర్చున్నాడు ఆ డబ్బా ముందు.

"ఇంట్లో చెప్పావా?" అన్నాడు సెలూనాయన, ఈసారి ఎకసెక్కం లేకుండా.

"చెప్తే షట్టరు దించేస్తుంది."

"చెప్పకపోతే షట్టరు ఎత్తి మాత్రం ఏం చేస్తావు? నీ ఒడికిప్పుడు మంచీ చెడూ ఒకటే. అది కాదు గానీ, నడిచొస్తుంటే ఆయాసపడుతున్నావు ఈ మధ్య. నేను చూస్తూనే ఉన్నా."

అది నిజమే. కుడికాలు కూడా సాయంత్రానికి బరువెక్కుతోంది. వయసనుకున్నాడు. అన్నిటికీ ఒక పేరు దొరుకుతుంది, అసలు పేరు తప్ప.

ఇంకో చిక్కుంది. సెలూనాయన మంచివాడే గానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. కుర్చీలో కూర్చున్న ప్రతి తలకీ ఒక కబురు పంచడం ఆయన వృత్తిధర్మం. సాయంత్రానికల్లా మేస్త్రి గజ్జలో మోటారు వార్త వీధి మొత్తం తిరిగి భార్య చెవిన పడుతుంది. ఎవరో చెప్పగా వినడం ఆవిడకి అసలే పడదు. మేస్త్రి చెప్పులేసుకుని లైబ్రరీకి బయల్దేరాడు, దారిలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగుతూ.

లైబ్రరీలో పేపరు తిప్పినా వినిపిస్తుంది. భార్య బల్ల వెనక కూర్చుని చిరిగిన అట్టలకి జిగురు రాస్తోంది. మొగుణ్ణి చూడగానే కుంచె ఆగింది.

"ఏమైంది?" అంది గుసగుసగా.

"ఏం కాలేదు," అన్నాడు అంతకన్నా గుసగుసగా. "చిన్న మోత."

"ఎక్కడ? కుళాయా?"

"కుళాయి కాదు."

"మరి?"

మేస్త్రి చుట్టూ చూశాడు. పోటీపరీక్షల కుర్రాళ్లు, పేపరు చదివే పెద్దవాళ్లు, కథలపుస్తకం పట్టుకున్న టీచరమ్మ. వంగి, ఆవిడ చెవి దగ్గర చెప్పాడు.

"ఎక్కడా?" అంది ఆవిడ.

ఇంకా దగ్గరికి వంగి మళ్లీ చెప్పాడు.

"గజ్జలోనా!!"

ఆ లైబ్రరీ కట్టాక అంత పెద్ద శబ్దం అందులో పుట్టలేదు. పుస్తకాల్లోంచి తలలన్నీ లేచాయి. ఒక పెద్దాయన అలవాటుగా "ష్" అన్నాడు. ఇన్నేళ్లూ ఆవిడ జనానికి చేసిందాన్ని జనం ఆవిడకి చేసిన రోజది. ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకి పేపరు దానంతటదే పైకి లేచి ఆయన ముఖాన్ని కప్పేసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"స్క్రూడ్రైవరు రోజు నుంచి."

ఆవిడ లేచింది. జిగురు డబ్బాకి మూత కూడా పెట్టలేదు. మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం మొగుడి మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా, గోళ్లు దిగేలా. ఆ పట్టులో కోపమెంతో భయమెంతో మేస్త్రికి తెలియలేదు. ఒళ్లో పెట్టుకుని చూసే వస్తువు కాదు కదా.

డాక్టరమ్మ స్టెతస్కోపు ఆనించింది. కనుబొమలు ముడిచింది. చదువుకునే డాక్టర్లని పిలిచి వాళ్లకీ వినిపించింది. మేస్త్రి గజ్జ చుట్టూ వాళ్లు వరస కట్టారు. గోడవైపు తిరిగి నిలబడ్డ అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత స్కానింగు.

"గుచ్చినప్పుడు సిరతో పాటు పక్కనున్న ధమనికీ చిల్లు పడింది. రెండూ కలిసి దారి చేసుకున్నాయి. కాలికి పోవలసిన రక్తం అడ్డదారిన వెనక్కి వచ్చేస్తోంది. ఆ మోత అదే."

"అంటే... గుండెలో షార్ట్ తీశారు, గజ్జలో పెట్టారు," అన్నాడు మేస్త్రి.

"అలాగే అనుకోండి. మా వల్ల జరిగిందే. అరుదు, కానీ జరుగుతుంది. చిన్నదైతే దానంతటదే మూసుకుంటుంది. మీది పెద్దది. వెనక్కొచ్చిన రక్తాన్నంతా గుండె మళ్లీ మళ్లీ తోడుతోంది. అందుకే ఆయాసం. విప్పి కుట్టెయ్యాలి. అప్పుడే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. అదురుంటే చెప్పమన్నాను కదా?"

"ఎప్పుడన్నారు?" అంది భార్య.

"మీ ముగ్గురి ముందే."

ముగ్గురూ తలలు దించుకున్నారు. అల్లుడు గోడతో చెప్పినట్టు, "అన్నారు అత్తయ్యగారూ. నేను పైకప్పు చూస్తున్నాను," అన్నాడు.

మేస్త్రికి సందు దొరికింది. "చూశావా? ఇది కొత్త తేడా కాదు. పాత పనిలో మిగిలిపోయిన మరమ్మతు. డాక్టరమ్మే ఒప్పుకుంది. నువ్వన్నది ఇంకొక్క తేడా వస్తే అని. ఇది రాలేదు, అప్పుడే ఉంది."

పడుకున్న ఆయన పక్కన కూర్చుని దుప్పటి సర్దింది. సర్దిందాన్నే మళ్లీ సర్దింది. "షట్టరు దించుతానన్నది మీరు జాగ్రత్తగా ఉంటారని," అంది చివరికి. గొంతు లైబ్రరీ గొంతే. "దానికి భయపడి నా దగ్గరే దాస్తారని కాదు. ఆ షాపు పోతే మీకు కాకులైనా ఉంటాయి. మీరే పోతే నాకేముంటుంది?"

మేస్త్రి దుప్పటి రెండో కొస తనే సర్దుకున్నాడు.

కుట్టేశారు. మోత ఆగింది. ఆపరేషను తర్వాత మొదటిసారి చెయ్యి పెట్టి చూసుకుంటే, ఊళ్లో కరెంటు పోయినట్టు ఒకటే నిశ్శబ్దం. రెండురోజులు ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు కూడా.

షాపు మళ్లీ తెరిచారు. పాత బేరింగులన్నీ ఎవరివి వాళ్లకి వెళ్లిపోయాయి, సంజాయిషీతో సహా. పిండిమిల్లాయన తిట్టాడు. టైలరమ్మ మాత్రం నవ్వి నవ్వి కుట్టు తప్పింది. సెలూనాయన ఫ్యానుకి పోయింది మొదటి ఊపునిచ్చే అగ్గిపెట్టెంత కెపాసిటరు. గోడమీది మీటరు దుమ్ము దులిపి ఆనిస్తే చిటికెలో చెప్పింది. ఇప్పుడు ఫ్యాను తిరుగుతోంది. మోటార్లు బల్ల మీదే పెట్టాలని భార్య ఆర్డరు. గోనెపట్టా ఇంట్లో కాళ్లు తుడుచుకునే పట్టా అయింది. ఇంటి కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది. దాన్ని బాగుచెయ్యనివ్వడం లేదు ఆవిడ, గుర్తుండాలట.

తాళంచెవి ఇప్పుడు ఆవిడ దగ్గరే. రోజూ పొద్దున లైబ్రరీకి వెళ్తూ షాపు ముందు ఆగి, దాన్ని చేతిలో పట్టుకుని, జ్వరం అడగదు, మింగుడు అడగదు. షట్టరు ముందు కాచుకున్న మొగుణ్ణి, టీ తాగేవాళ్లూ స్కూలుకెళ్లేవాళ్లూ అందరూ వినేలా, ఇన్నేళ్లు దాచుకున్న గొంతంతా పెట్టి అడుగుతుంది:

"ఏవండీ! గజ్జలో ఎలా ఉంది?"

మేస్త్రి అటూ ఇటూ చూస్తాడు. సెలూన్లో కత్తెరలు ఆగుతాయి. సగం గీసిన గడ్డాలు కిటికీలోకి వస్తాయి.

"మోగట్లేదే!" అంటాడు, అంతే గట్టిగా.

అప్పుడు తాళంచెవి చేతిలో పడుతుంది.